ఆషాఢంలో రెండు తలుపులు

"సంజనా, నీ నౌకరి ఖాయమైందే!" అని మా అత్తమ్మ గంగమణి వాకిట్లోంచే అరుచుకుంటూ వచ్చినప్పుడు నేను వంటింట్లో మామిడి ముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తున్నాను. నా పెళ్లయి అప్పటికి పద్దెనిమిది రోజులు. చేతుల సంగతి మరిచిపోయి ఒక్క ఉరుకున వెళ్లి ఆమెను వాటేసుకున్నాను. తెల్ల యూనిఫారం చీర మీద, భుజం దగ్గర, నా ఐదు వేళ్లూ ఎర్రగా అచ్చుపడ్డాయి.

"నా చీర ఖరాబు చేసినవు గదనే పిల్లా!" అని ఒక చేత్తో నన్ను నెడుతూ ఇంకో చేత్తో దగ్గరికి లాక్కుంది.

ఎడపల్లి దాటాక బోధన్ రోడ్డు పక్కన ఒక వృద్ధుల హోం ఉంది. అత్తమ్మ అందులో తొమ్మిదేళ్లుగా ఆయా. నేను ఫిజియోథెరపీ చదివాను. అక్కడికి నిజామాబాదు నుంచి వచ్చే ఫిజియో మానేశాడని తెలియగానే, ఇన్‌చార్జి తారాబాయి మేడాన్ని వారం పాటు వెంటపడి ఒప్పించింది అత్తమ్మే. "నా కోడలు అని చెప్పలే. చదువుకున్న పిల్ల అని చెప్పిన. కోడలని చెప్తే జాలితోని ఇచ్చినట్టు అయితది" అంది.

ఆ రోజుల్లో నాకు ప్రతిదీ సంబరమే. పొద్దున్నే స్కూటీ మీద వెనక అత్తమ్మను ఎక్కించుకుని వెళ్లడం సంబరం. కాలువ దగ్గర చల్లగాలి తగిలే ఆ కొద్దిసేపూ ఆమె నా నడుం గట్టిగా పట్టుకోవడం సంబరం. దారిలో నేరేడు పళ్లు కొనుక్కుని, ఇద్దరం నాలుకలు బయటపెట్టి ఎవరిది ఎక్కువ ఊదాగా ఉందో చూసుకోవడం సంబరం. మా ఆయన విష్ణుకు బోధన్‌లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. "మా అమ్మ నాతోని ఎన్నడన్న నాలుక సూపించి ఆడిందా?" అని ఉడుక్కునేవాడు.

మొదటి రోజే హోంలో అత్తమ్మ పని చేసే తీరు చూశాను. రాజలింగు తాతకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క చచ్చుబడింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన కాంటా దగ్గర చెరుకు బండ్లు తూకం వేసేవాడు. అత్తమ్మ ఆయన చంకల కింద చేతులు దూర్చి, కావలించుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క గుంజు గుంజి మంచం మీంచి చక్రాల కుర్సీలోకి తిప్పింది. ఆమె నడుం ఒక పక్కకు మెలిపడటం నాకు చీర మీదుగానే కనిపించింది.

"అత్తమ్మా, నడుం నొస్తలేదా?"

"నడుమున్నోళ్లకు నొయ్యదా?" అని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. లోపల తువ్వాలు బిగించి కట్టి ఉంది. తొమ్మిదేళ్లుగా అట్లాగే కడుతోందట.

"నా తూకం తొంభై మూడు కిలోలు బిడ్డా," అన్నాడు రాజలింగు తాత గర్వంగా. "తరుగు తీసేసినా తొంభైకి తక్కువుండ."

ఆ రోజు నుంచీ నేను ఊరుకోలేదు. బోధన్‌లో ట్రాక్టర్లకు కవర్లు కుట్టే ఆయనతో గొడుగు గుడ్డ లాంటి జారుడు బట్టను రెండు పొరలుగా కుట్టించాను. దాన్ని మనిషి కింద పరిస్తే ఎత్తకుండానే మంచం మీద పక్కకు జరపొచ్చు. ఆ మనిషి నడుముకు కట్టి మనం పట్టుకోవడానికి రెండు వైపులా పిడులున్న పట్టీ ఒకటి కుట్టించాను. ఆయాలందరినీ నిలబెట్టి, కాళ్లు ఎడంగా పెట్టించి, మోకాళ్లు వంచడం నేర్పించాను. నడుం తిప్పొద్దు, పాదాలు తిప్పండి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. అన్నిటికన్నా ముందు, ఒక్కరే ఎత్తొద్దు, అటొకరు ఇటొకరు ఉండాలి. మనిషి జారిపోతుంటే మాత్రం ఆపడానికి గుంజొద్దు, ఒంటికి ఆనించుకుని మెల్లగా నేలకు దింపండి.

ఆ చివరిది మాత్రం అత్తమ్మకు రుచించలేదు. "పెద్దమనిషిని నేలమీద కూలేస్తమా? రేపు ఆయన బిడ్డ వచ్చి అడిగితే ఏం మొకం పెట్టుకోని చెప్పాలె?"

మిగతావన్నీ నాకన్నా బాగా పట్టేసింది. మేమిద్దరం జంట. పట్టీ పిడులు చెరో పక్క పట్టుకుని నేను "ఒకటి" అనబోతే వెంటనే ఆపింది.

"ఒకటి అనకు. కల్లంల వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అంటమా? లాభం అంటం. లాభం, రెండు, మూడు. గట్లనే అనాలె."

"ఈయన వడ్లా అత్తమ్మా?"

"వడ్లకే అంత మర్యాద ఇస్తే మనిషికి ఇయ్యమా? ఇంకోటేందంటే, ఒకటి అంటే ఒక్కదాన్నే అన్నట్టు ఉంటది. ఇద్దరం ఉన్నం గదా."

"కాంటా మీద గూడ లాభమే అనేటోళ్లం," అని రాజలింగు తాత ఆమె పక్షం వహించాడు. ఇక నేనేం చేయగలను? లాభం, రెండు, మూడు. తాత తేలిగ్గా లేచి కుర్సీలో కూర్చున్నాడు. నెల తిరిగేసరికి అత్తమ్మ నడుముకు తువ్వాలు కట్టడం మానేసింది. దండెం మీద ఊరికే వేలాడుతున్న ఆ తువ్వాలును చూసినప్పుడల్లా నాకు ఏదో బహుమతి వచ్చినట్టుండేది.

నేర్పినవన్నీ నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో ఒక చార్టు మీద రాసి హాల్లో తగిలించాను. కింద ఇంకో లైన్ రాయమని తారాబాయి మేడం చెప్పింది. "ఒంటరిగా ఎత్తి దెబ్బ తగిలించుకుంటే బాధ్యత ఎత్తినవారిదే." ఆ లైన్ ఆమెదే. దానికి ఎర్ర పెన్ను ఎంచుకుని కింద రెండు గీతలు కొట్టింది మాత్రం నేను. అందంగా ఉందని మురిసిపోయాను కూడా.

ఆషాఢం వస్తోందనగా మా అమ్మ నన్ను తీసుకుపోవడానికి నిజామాబాదు నుంచి వచ్చింది. కొత్త కోడలూ అత్తా ఆ నెలంతా ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. ఇవన్నీ నేను నమ్ముతానా అంటే, నమ్మను. కానీ పుట్టింట్లో నెల రోజులు, విష్ణు దొంగచాటుగా బస్టాండు దగ్గరికి రావడం, తిలక్ గార్డెన్‌లో ఇద్దరం కాల్చిన మక్క కంకి పంచుకోవడం, ఇవన్నీ తలుచుకుంటే నాకు నమ్మకపోవాలని అనిపించలేదు.

"ఇంట్ల సంగతి సరే వదినా, మరి హోంల?" అంది అత్తమ్మ మా అమ్మతో. "ఇద్దరం ఒక్క గడపనే దాటాలె గదా."

"నెల రోజులు సెలవు పెట్టుమను."

"కొత్త నౌకరి. సెలవిస్తరా?" అత్తమ్మ మెల్లగా చెప్పింది. "నా పెండ్లయిన ఏడు నేను పోలే. మా అవ్వగారింట్ల తీసుకపోయేటోళ్లు ఎవ్వరు లేకుండె. ఇక్కడ్నే ఉన్న. ఆ కార్తీకంల మా అత్త చనిపోయింది. పాముకాటు. కాని ఇరవై ఏండ్లు నన్నే అన్నరు, కోడలు గడప దాటి అత్తను మింగింది అని. నేను నమ్ముతనా లేదా అన్నది కాదు. నా కోడలి మీద అసొంటి మాట రావద్దు."

అప్పుడు నాకే మెరుపులాంటి ఆలోచన వచ్చింది, అనుకున్నాను. హోంకు ముందు తలుపు ఒకటి, వంటింటి తలుపు ఒకటి ఉన్నాయి. నేను ముందు తలుపులోంచి వస్తాను, అత్తమ్మ వంటింటి వైపు నుంచి వస్తుంది. ఆడవాళ్ల గది నాది, మగవాళ్ల గది ఆమెది. ఒకరి గడప ఒకరు తొక్కం. ఆచారానికి ఆచారం, నౌకరికి నౌకరి.

"మరి నేను యే తలుపుల కెల్లి రావాలె?" అన్నాడు విష్ణు.

"నువ్వు గేటు బయటనే. హారన్ కొట్టుకుంట నిలవడు," అన్నాను. మా అమ్మ కూడా నవ్వేసింది.

తారాబాయి మేడం పకపకా నవ్వి సరేనంది. నా చోట అత్తమ్మకు జంటగా రోజా అనే ఆయాను వేసింది. మగవాళ్ల గదికి ఒక్కటే తలుపు. అత్తమ్మ గడపకు అటు, నేను ఇటు నిలబడి మాట్లాడుకునేవాళ్లం. ఆమె నాకోసం తెచ్చిన పచ్చడి డబ్బాను గడప పక్కన స్టూలు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసేది. నేను వంగి తీసుకునేదాన్ని. మంచాల మీది తాతలకు అది రోజూ తమాషా. "ఇండియా పాకిస్తాన్ బార్డర్ అయ్యింది మా గది," అనేవాడు రాజలింగు తాత. నేను విరగబడి నవ్వేదాన్ని. ఇద్దరుండాలి అని గోడకు రాసి పెట్టిన మనిషినే, ఆ ఇద్దర్నీ విడదీశానన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఊర పండుగ ఆదివారం వచ్చింది. నిజామాబాదు అంతా దేవతల ఊరేగింపు. హోంలో సగం మంది సెలవు. రోజా కూడా రాలేదు. మేడం గుడికి పోయింది. ఉన్న ఇంకో ఆయా ఆడవాళ్ల బాత్రూంలో ఒక అవ్వకు స్నానం చేయిస్తోంది. నాకు పన్నెండింటికి పని అయిపోయింది. ముందురోజే మా అమ్మ పెట్టిన మైదాకు అరచేతుల్లో ఎర్రగా పండి ఉంది. గేటు బయట విష్ణు రెండుసార్లు హారన్ కొట్టాడు. బ్యాగు భుజాన వేసుకుని, "పోయొస్త అత్తమ్మా" అని చెప్పడానికి మగవాళ్ల గది తలుపు దగ్గర ఆగాను.

"గంగమణీ, హాల్ల టీవీల ఊర పండుగ సూపిస్తున్నరు. గదిలోళ్లందరు అప్పుడే పోయి కూసున్నరు. నన్ను గూడ కుర్సీల కూసోవెట్టు," అంటున్నాడు తాత.

"రోజా లేదు. జర ఆగు తాతా, బాత్రూంల ఉన్నామె పని కానీ, ఆమెను పిలుస్త."

"నేను ఆగుత. పండుగ ఆగుతదా?" అంటూనే ఆయన మంచి కాలు మంచం మీంచి కిందికి లాగేశాడు. ఒళ్లంతా దాని వెంట వచ్చేసింది. అత్తమ్మ ఒక్క అంగలో వెళ్లి, జారిపోతున్న ఆయన్ను చంకల కింద పట్టుకుంది. ఆయన వీపు తలుపు వైపు ఉంది. ఆయన భుజం మీదుగా అత్తమ్మ ముఖం నాకు కనిపిస్తోంది.

నేను బ్యాగు కింద పడేసి కాలెత్తాను.

"దాటకు!" అంది. "నీ మీద మాట వస్తది. దాటకు బిడ్డా!"

నా కాలు ఆగింది.

ఇదే నేను చెప్పాల్సిన సంగతి. మిగతాదంతా దీని చుట్టూ ఉన్నదే. నన్ను ఎవరూ పట్టుకోలేదు. నాలుగున్నరేళ్లు వెన్నెముక గురించి చదివినదాన్ని, ఏ పూస మీద ఎంత బరువు పడుతుందో బొమ్మ గీసి చెప్పగలిగినదాన్ని. దింపు అత్తమ్మా, నేలకు దింపు, అని అరవాల్సినదాన్ని. అరవలేదు. కాలు గడపకు ఇవతల దించి నిలబడ్డాను.

"లాభం," అంది అత్తమ్మ, ఇంకో పక్క ఎవరో ఉన్నట్టుగానే. "రెండు."

మూడు వినబడలేదు. తాత మాత్రం కుర్సీలో పడ్డాడు, క్షేమంగా, కొంచెం వంకరగా. అత్తమ్మ చిన్నగా "అవ్వా" అంది. ఆమె కింద పడలేదు. నేను నేర్పినట్టే పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, మెల్లగా నేలమీద కూర్చుంది. లేవలేదు.

అప్పుడు దాటాను. ఎట్లాగూ దాటాను.

పావుగంట తర్వాత తారాబాయి మేడం కుంకుమ బొట్టుతో ఉరికివచ్చింది. "ఎట్లయింది? ఎవలున్నరు ఇక్కడ?"

"ఎవ్వరు లేరు మేడం," అంది అత్తమ్మ నేల మీంచే. "నేనే తొందరపడి ఎత్తిన. కోడలు నా సప్పుడు ఇని వచ్చింది." రాజలింగు తాత నోరు తెరవబోయాడు. అత్తమ్మ ఆయన వైపు ఒక్క చూపు చూసింది. మూసుకున్నాడు. నేను ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. నేనూ మాట్లాడలేదు. బయట విష్ణు ఇంకోసారి హారన్ కొట్టాడు.

నిజామాబాదు దవాఖానాలో నడుం పూసల మధ్య డిస్కు జారిందన్నారు. ఆరు వారాలు పడక, ఆ తర్వాత కూడా జన్మలో బరువు ఎత్తకూడదు. ఆ సాయంత్రమే నేను నా బట్టలు తెచ్చుకుని బోధన్ రాకాసిపేటలోని మా ఇంటికి వచ్చేశాను. "ఇంక ఆషాఢం పదిహేను రోజులుందే!" అని అమ్మ ఫోన్లో అరిచింది. ఆ నెలలో నేను అమ్మ మాట వినకపోవడం అదే మొదలు. ఆ పని రెండు వారాల ముందు చేయాల్సింది.

జారుడు బట్టను ఇంటికి తెచ్చి, విష్ణు ఒక పక్కా నేను ఒక పక్కా పట్టుకుని రోజూ అత్తమ్మను పక్కకు తిప్పేవాళ్లం. తొమ్మిదేళ్లు పరాయివాళ్ల ఒళ్లు తిప్పిన మనిషి తన ఒళ్లు తిప్పించుకోవడానికి సిగ్గుపడి కళ్లు మూసుకునేది.

"కొడుకుతోని ఇయ్యన్ని చేపిచ్చుకుంటున్న. తలకాయ తీసేసినట్టున్నది."

"చిన్నప్పుడు నువ్వు నాకు చెయ్యలేదా అమ్మా?"

"అప్పుడు నువ్వు మూడు కిలోలుంటివి. నవ్వుకుంట ఉచ్చ పోసేటోనివి. ఇది అది ఒక్కటేనా?"

విష్ణు నవ్వాడు, నేను నవ్వలేకపోయాను. విష్ణుకు ఇంకా తెలియదు. చెబుదామని ప్రతి రోజూ అనుకునేదాన్ని. అన్నం కలిపేటప్పుడు అనుకుని, తినేటప్పుడు మానుకునేదాన్ని. అత్తమ్మ నన్ను ఎన్నడూ ఆ మాట అడగలేదు. "మంచిగ నేర్పినవు బిడ్డా, నేనే ఇనలే" అనేది. అది వినడం నాకు తిట్లు తినడం కన్నా కష్టంగా ఉండేది.

మూడో వారంలో అత్తమ్మ నడుముకు బెల్టు పెట్టుకుని గోడ పట్టుకుని పది అడుగులు వేసింది. ఆ సాయంత్రమే తారాబాయి మేడం యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చింది. మంచం పక్కన కుర్చీలో అంచున కూర్చుంది.

"గంగమణీ, నిన్ను పనిల ఉంచుకోవాలనే నాకున్నది. వంటింట్ల కూసుండి చేసే పని ఇద్దామనుకున్న. కాని కమిటీవాళ్లు ఒప్పుకుంటలేరు. గోడ మీద రూల్ రాసి ఉన్నదాయె. నీ సొంత కోడలే రాసిందాయె. ఒక్కదానివే ఎత్తినవు గదా. ఇగ రావద్దన్నరు."

అత్తమ్మ పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తూ "సరే మేడం" అంది. తొమ్మిదేళ్లకు ఆ రెండు మాటలే.

మేడం నా వైపు తిరిగింది. ఆమె చెడ్డది కాదు. గొంతులో నిజమైన మెప్పు ఉంది. "రేపు పది గంటలకు అందరికి మీటింగ్ పెట్టిన సంజనా. నీ చార్టు నువ్వే చదివి చెప్పాలె. పేరు చెప్పకున్నా సరే, మీ అత్తమ్మ చేసిన తప్పునే మిసాలుగ, ఉదాహరణగ తీసుకో. కండ్ల ముందట జరిగింది గదా, అందరికి ఎక్కుతది."

ఆమె వెళ్లిపోయాక విష్ణు యాపిల్ ఒకటి తీసి చొక్కాకు తుడిచి, తినకుండా మళ్లీ అక్కడే పెట్టాడు.

"నేనక్కడ్నే ఉన్న," అన్నాను.

"ఎక్కడ?"

"తలుపు కాడ. అత్తమ్మ తాతను ఎత్తేటప్పుడు. లోపలికి పోయి ఇంకో పక్క పట్టుకోవాలని కాలెత్తిన. దాటొద్దన్నది. ఆగిన."

"సంజనా!" అంది అత్తమ్మ మంచం మీంచి. "ఎందుకిప్పుడు గదంత?"

విష్ణు నా వైపు చాలాసేపు చూశాడు. కోపంగా చూస్తే బాగుండు అనిపించింది. "నేను హారన్ కొట్టిన," అన్నాడు చివరికి. "మీరు లోపల ఆలస్యం చేస్తున్నరని కొట్టిన." తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి మాకు వీపు చేసి నిలబడ్డాడు. ఇప్పటికీ ఆ సంగతి మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. తిలక్ గార్డెన్‌కు మేం మళ్లీ పోలేదు.

"రేపు మీటింగ్‌ల నేను అదే చెప్త అత్తమ్మా. నువ్వక్కడ ఒక్కదానివే లేవని. నేను ఉండి రాలేదని. మనిద్దర్ని విడదీసి రెండు తలుపులు పెట్టుకున్నది నా తెలివేనని."

"నీ నౌకరి గూడ పోతది."

"పోనీ."

"పోనీ అంట! అన్ని నవ్వులాటనే నీకు. ఇంట్ల ఒక్క నౌకరన్న ఉండాలె గదనే. నేను అబద్ధం ఆడింది ఎందుకు మరి?" అత్తమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. "ఆ అబద్ధం నీకోసం గూడ కాదు పో. కోడలు పక్కన నిలవడి సూసింది అని రేపు ఊరు అనదా? అసొంటి మాట నేను ఇరవై ఏండ్లు మోసిన. ఇంకోపాలి మా ఇంట్లకు రానియ్యద్దనుకున్న."

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమె పాదం మీద చెయ్యి వేస్తే, తీసెయ్యలేదు. నా చేతిలో మైదాకు గోళ్ల చివర్లలో తప్ప అంతా వెలిసిపోయింది.

చాలాసేపటికి, "అంటే అననియ్యి," అంది అత్తమ్మ.

నేను తలెత్తాను.

"ఊరిని. అంటే అననియ్యి. వాళ్ల నోళ్లకు భయపడే గదా నా నడుము ఇరగ్గొట్టుకున్నది." పక్కకు తిరగబోయి, నొప్పికి ఆగి, ఒక చెయ్యి మంచం పట్టెకు ఆనించింది. "కాని ఒక్కదానివే పోతే మేడం నిన్ను మాట్లాడనియ్యదు. అత్త మీద ప్రేమతోని కోడలు అబద్ధమాడుతున్నది అంటది. అబద్ధం ఆడిందాన్ని నేను. నేను చెప్పాలె."

"డాక్టర్ కూసోవద్దన్నడు అత్తమ్మా. అంత దూరం..."

"కూసుంటా అన్ననా? పండుకోనే వస్త." తల కిటికీ వైపు తిప్పింది. "విష్ణూ, రేపు తొమ్మిదింటికి పెద్ద కారు మాట్లాడు, వెనుక సీట్ల మనిషి పండెటట్టు ఉండాలె. మెల్లగ నడిపెటోడు కావాలె. సంజన ముందట కూసుంటది. ఆ తెల్ల చీర ఇస్త్రీ చేసి పెట్టుండ్రి, నేను పనోళ్లు కట్టుకునే చీరతోనే పోత."